మహిమ గల మందు: రెండు ఇటాలియన్ కామెడీల్లో ముందు ఏది చూడాలి?

పాత ఇటాలియన్ కామెడీల్లో మందుల మహిమ చుట్టూ తిరిగేవి రెండున్నాయి. ఒకటి మారియో మోనిచెల్లి 1957లో తీసిన ‘ఇల్ మెడికో ఎ లో స్త్రెగోనె’, అంటే ‘డాక్టరూ మంత్రగాడూ’. రెండోది అల్బెర్తో లత్తువాదా 1965లో తీసిన ‘లా మాండ్రాగోలా’. ఒక్కదానికే టైముంటే ఏది చూడాలి?

కథలో బిగువు కావాలంటే మాండ్రాగోలానే. మూలం మాకియవెల్లి నాటకం, జరిగేది 16వ శతాబ్దపు ఫ్లోరెన్స్‌లో. లాయరు నీచా, లుక్రేజియా దంపతులకు పిల్లల్లేరు. ఆమె మీద మనసుపడ్డ కల్లిమాకో డాక్టరు వేషం కట్టి, మాండ్రేక్ వేరు కషాయం తాగిస్తే కడుపు పండుతుందంటాడు. తెలుగు బైబిల్లో రాహేలు అడిగి తీసుకునే ‘పుత్రదాత వృక్షపు పండ్లు’ ఈ మొక్కవే. అయితే మందు తాగాక ఆమెతో మొదట పడుకున్నవాడు ఎనిమిది రోజుల్లో పోతాడని మెలిక పెడతాడు. దాంతో నీచా తన బదులు వీధిలో పోయేవాణ్ణి పట్టి తేవడానికి ఒప్పుకుంటాడు. ఆ దొరికేవాడు ఎవరో చెప్పక్కర్లేదు. లుక్రేజియాను ఒప్పించే సన్యాసిగా తోతో నటన చూసి తీరాలి. ఈ సినిమాకు దనిలో దొనాతి రూపొందించిన దుస్తులకు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

కానీ నాకది నవ్వుతూ చూడటం కష్టమైంది. మొగుడు, తల్లి, సన్యాసి అందరూ కలిసి లుక్రేజియా తరఫున నిర్ణయం తీసేసుకుంటారు. మా పిన్ని పిల్లల కోసం ఏళ్ల తరబడి పరగడుపున పసరు మింగింది. గ్లాసు ఎత్తగానే ఎడమచేత్తో ముక్కు మూసుకునేది. తాగాక కొంగుతో మూతి తుడుచుకుంటే ఆకుపచ్చ మరక ఉండిపోయేది. నీకిష్టమేనా అని ఆవిడను ఎవరూ అడగలేదు.

మోనిచెల్లి సినిమాలో పియానెత్తా అనే పల్లెకు కుర్ర డాక్టరుగా మర్చెల్లో మాస్త్రోయాన్నీ వస్తాడు. ఊరంతా నమ్మేది మాత్రం విత్తోరియో దె సీకా వేసిన దోన్ అంతోనియోని. ఆ నాటు వైద్యుణ్ణి మోనిచెల్లి ఉత్త దొంగగా చూపించడు, అతణ్ణి నమ్మినవాళ్లను మూర్ఖులనీ అనడు. యుద్ధానికి వెళ్లినవాడి కోసం ఎదురుచూసే మఫాల్దా ఉంది చూడండి, ఆవిడ కోసమైనా ఈ సినిమా చూడాలి. ఆవిడ ఎదురుచూసే మనిషిగా వేసింది అల్బెర్తో సోర్దీ. ఉండేది కాసేపే, కానీ ఆ సీను ముందే చెబితే పాడవుతుంది.

నా ఓటు దీనికే. పిన్ని ఇంటికొచ్చినప్పుడు సబ్‌టైటిల్స్ తెలుగులో చెబుతూ ఇదే చూపించాను. మాండ్రాగోలా పెట్టడానికి మనసొప్పలేదు.