పెట్టె మీద 12 గంటలు, కొండ మీద గంటా నలభై నిమిషాలు: హెడ్‌ల్యాంప్ కొనేవారికి హెచ్చరిక

రాత్రి పూట కొండ, అడవి బాటల్లో సాగే ట్రెయిల్ పరుగులకో, కంకర దారులకు పనికొచ్చే గ్రావెల్ సైకిల్ మీద తెల్లవార్లూ చేసే ప్రయాణాలకో ఆన్‌లైన్‌లో హెడ్‌ల్యాంప్ (నుదుటికి కట్టుకునే దీపం) వెతుకుతున్నవారు దయచేసి ఈ అనుభవాన్ని చదివిన తర్వాతే డబ్బు చెల్లించండి. 12,000 ల్యూమెన్ల (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు, 9,900 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత ఛార్జ్ నిలుపుకుంటుందో చెప్పే కొలత) బ్యాటరీ, 12 గంటల పాటు నిరంతర ప్రకాశం అని పెట్టె మీద ముద్రించిన ఒక దీపాన్ని నేను కొన్నాను. 100 కిలోమీటర్ల కొండ పరుగులో, చీకటి పడ్డాక వెలిగించిన గంటా నలభై నిమిషాలకు అది ఆరిపోయింది. మధ్య స్థాయిలోనే వాడుతున్నాను, బ్యాటరీ నిండా ఛార్జ్ చేసుకునే బయలుదేరాను.

మంచి దీపం ఆరిపోయే ముందు రెండు మూడుసార్లు మినుకుమని హెచ్చరిస్తుంది, లేదా తనంతట తానే తక్కువ వెలుగుకు దిగి, మరో దీపం తీసుకునే వ్యవధినిస్తుంది. ఇది అలాంటిదేమీ చేయలేదు. వదులు రాళ్లతో నిండిన దిగుడులో, కుడికాలు గాలిలో ఉండగా చుట్టూ ఒక్కసారిగా చీకటి కమ్మింది. ఆ అడుగు ఎక్కడ పడిందో ఇప్పటికీ చెప్పలేను గానీ, మోకాలు, అరచేయి ఒరుసుకుపోవడంతోనే గండం గడిచింది. వెనుక వస్తున్న పరుగరి ఒకరు వేగం తగ్గించుకుని, తన వెలుగులో నన్ను తరువాతి సహాయ కేంద్రం దాకా నడిపించారు. అక్కడ మరో చిక్కు ఎదురైంది. దీపానికి టైప్-సీ రంధ్రం ఉన్నా, రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో అది ఛార్జ్ కాదు. ఛార్జర్ ఎదుటి పరికరాన్ని గుర్తించడానికి ఆ రంధ్రం వెనుక ఉండవలసిన రెండు చిన్న రెసిస్టర్లను చౌక తయారీలో వదిలేస్తారట. పాతరకం చదునైన కొస ఉన్న కేబుల్ ఆ రాత్రి అక్కడ ఎవరి దగ్గరా దొరకలేదు. ఆ కేంద్రాన్ని దాటడానికి ఇచ్చిన కటాఫ్ సమయం ముగిసింది, బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే పోటీ నంబరు) తిరిగి ఇచ్చి పరుగు విరమించాను. రెండో దీపం వెంట తీసుకువెళ్లకపోవడం నా తప్పేనని ఒప్పుకుంటున్నాను.

నిజానికి అంతకు ముందే ఒక సూచన అందింది, నేనే పట్టించుకోలేదు. అదే దీపాన్ని హ్యాండిల్‌బార్‌కు బిగించి గతుకుల కంకర దారిలో వెళ్లినప్పుడు, ప్రతి కుదుపుకూ వెలుగు ఒక క్షణం పోయి వచ్చేది. లోపలి స్ప్రింగు బ్యాటరీని గట్టిగా అదిమి పట్టడం లేదన్నమాట. సాధన పరుగులు నలభై నిమిషాలకు మించకపోవడంతో దీపం బాగానే ఉందని నమ్మాను.

తిరిగి వచ్చాక చేసిన లెక్క కొనే ముందే చేయవలసింది. ఇలాంటి దీపాల్లో ఉండేది ఎక్కువగా 18650 రకం సెల్, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొలతలో పేరున్న తయారీదారుల సెల్‌లు సుమారు 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతాయి కాబట్టి, ఒకే సెల్ మీద 9,900 అన్న అంకె కనిపిస్తే అక్కడే ఆ పేజీ మూసేయవచ్చు. 3,500 ఎంఏహెచ్‌ను 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్-అవర్ల శక్తి వస్తుంది. మంచి ఎల్ఈడీ దీపం ఒక్కో వాట్‌కు 100 నుంచి 150 ల్యూమెన్ల దాకా ఇస్తుందనుకుంటే, 200 ల్యూమెన్ల వెలుగు ఆరు నుంచి తొమ్మిది గంటలు నిలుస్తుంది. అదే 12,000 ల్యూమెన్లు కావాలంటే కనీసం 80 వాట్లు ఖర్చవుతాయి. ఆ సెల్ పది నిమిషాలైనా రాదు, ఆ వేడిని నుదురు భరించదు.

నా సెల్‌ను వంటింటి త్రాసులో తూచితే 28 గ్రాములు ఉంది, అసలైనది సుమారు 45 గ్రాములు ఉండాలి. సామర్థ్యం కొలిచే ఛార్జర్‌లో పెట్టి చూస్తే 1,120 ఎంఏహెచ్ అని తేలింది, అంటే ముద్రించినదానిలో తొమ్మిదో వంతు. పైతొడుగు చించి లోపల ఏముందో చూడాలనిపించింది గానీ లిథియం సెల్‌తో ఆ పని చేయలేదు, మీరూ చేయకండి.

విక్రేతకు ఈ కొలతలన్నీ ఫోటోలతో సహా పంపాను. చలిలో బ్యాటరీ త్వరగా తగ్గిపోతుందని, పైగా వాపసు గడువు ముగిసిందని జవాబు వచ్చింది. చలికి లిథియం బ్యాటరీ కొంత నీరసించడం నిజమే. అయితే నేను తూచింది, కొలిచింది ఇంట్లో, మామూలు వేడిమిలో. గడువు సంగతి మాత్రం వారు చెప్పినట్టే ఉంది. పరుగు రోజు దాకా దీపాన్ని పూర్తిగా పరీక్షించకపోవడం వల్ల ఆ అవకాశాన్ని నేనే పోగొట్టుకున్నాను.

అందుకే దీపం చేతికి వచ్చిన రోజే నిండా ఛార్జ్ చేసి, మీరు వాడబోయే స్థాయిలో వెలిగించి, చీకటి గదిలో ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, అరగంటకోసారి గోడ మీద పడే వెలుగును ఫోటో తీయండి. కెమెరా సెట్టింగులు మార్చకుండా తీస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. గాలి ఎందుకంటే, పరుగులో, సైకిల్ మీద గాలి దీపాన్ని చల్లబరుస్తూనే ఉంటుంది. గాలి కదలని గదిలో మంచి దీపం కూడా వేడెక్కి వెలుగు తగ్గించుకుంటుంది, దాన్ని లోపమని పొరబడవద్దు. మీ పవర్ బ్యాంకుతో, మీరు తీసుకువెళ్లే కేబుల్‌తో ఛార్జ్ అవుతోందా, ఛార్జ్ అవుతుండగా వెలుగుతోందా అన్నది కూడా ఆ రోజే చూసుకోండి.

పేరున్న కంపెనీల అంకెలను కూడా కాస్త ఆచితూచి చదవాలి. టార్చిలు, హెడ్‌ల్యాంపుల పనితీరును కొలవడానికి వారిలో చాలామంది పాటించే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, దీపం వెలిగించిన 30 సెకన్ల తర్వాతి వెలుగు 10 శాతానికి పడిపోయేదాకా గడిచిన సమయమంతా రన్‌టైమ్ (దీపం వెలిగే సమయం) కిందికే వస్తుంది. 400 ల్యూమెన్లు, 8 గంటలు అని రాసిన దీపం ఎనిమిదో గంటలో 40 ల్యూమెన్ల దగ్గర ఉన్నా ఆ మాట అబద్ధం కాదు. మోంట్ బ్లాంక్ చుట్టూ సాగే యూటీఎంబీ వంటి పరుగులో, సుమారు 10,000 మీటర్ల ఎక్కుడుతో 46 గంటల 30 నిమిషాల గడువు ఉన్నచోట, చాలామందికి రెండు రాత్రులు దారిలోనే గడుస్తాయి. క్యాన్సస్‌లో మధ్యాహ్నం మొదలయ్యే అన్‌బౌండ్ ఎక్స్ఎల్ గ్రావెల్ పోటీలోనూ రాత్రంతా తొక్కక తప్పదు. ఇలాంటివాటికి సిద్ధమయ్యేవారు వెలుగు గంట గంటకూ ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫ్ ఇచ్చిన దీపాన్నే ఎంచుకోవడం మేలు.

ఆ దీపం అమ్మకపు పేజీ ఇప్పటికీ ఉంది. అంకె మాత్రం 18,000 ల్యూమెన్లకు పెరిగింది, ఫోటోలో అదే దీపం, పట్టీ మీద అదే నారింజ రంగు కుట్టు. ఐదు నక్షత్రాల సమీక్షల్లో చాలావరకు పార్సిల్ అందిన రోజునే రాసినవి.