బాలామృతం ప్యాకెట్: ఏడు నెలలు పెట్టి చూశాక

మా పాపకు ఏడు నెలలు నిండినప్పుడు బరువు 5.8 కిలోలు. అంగన్‌వాడీ టీచర్ ఎదుగుదల కార్డులో చుక్క పెడితే పసుపు రంగులో పడింది, అంటే వయసుకు తగ్గ బరువు లేదని. ఇంటికి వచ్చి ఏడ్చాను. ప్యాకెట్ చేతికిచ్చేటప్పుడు టీచర్ ఒక్కటే చెప్పారు: "ఇది పాపకే పెట్టమ్మా, ఇంటిల్లిపాదీ తినేయకండి."

తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో ఉచితంగా ఇచ్చే పిండి ఇది. నెలకు రెండున్నర కిలోలు, దాంతో పాటు 16 గుడ్లు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. ఐరన్, కాల్షియం, విటమిన్లు కలుపుతారు. రోజుకు వంద గ్రాముల లెక్క.

మొదటి రోజు మరిగే నీళ్లు నేరుగా పోశాను. అంతా ఉండలు కట్టింది, పాప ఉమ్మేసింది. మా అత్తమ్మ చూసి, ముందు పిండిని కొన్ని గోరువెచ్చటి నీళ్లతో పేస్టులా కలిపి, తర్వాత వేడి నీళ్లు పోసి రెండు నిమిషాలు పొయ్యి మీద తిప్పమంది. అప్పుడు జావ నున్నగా వచ్చింది. రెండు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాను. ఇప్పుడు వంద గ్రాములూ రోజుకు మూడుసార్లుగా తింటుంది. ప్యాకెట్ విప్పగానే గట్టి మూత ఉన్న స్టీల్ డబ్బాలో పోయండి. ఎండాకాలంలో ఒకసారి అలాగే వదిలేస్తే పాత నూనె వాసన వచ్చింది, పారేయాల్సి వచ్చింది. నాకు చాలా బాధేసింది.

నచ్చనిది తీపి. రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర వద్దని పిల్లల డాక్టర్లు చెబుతుంటే, పిండిలోనే కలిపి ఇవ్వడం ఎందుకు? తీపికి అలవాటు పడి మా పాప పప్పన్నం ముట్టనంది. అందుకే మధ్యాహ్నం మాత్రం పప్పు, ఆకుకూర మెత్తగా పిసికి పెడుతున్నాను.

ఇంకో బాధ ఉంది. మా వీధిలోనే ఈ పిండిని బర్రెల కుడితిలో కలిపేవాళ్లను చూశాను. పిల్లలు తినడం లేదంటారు. ఎలా కలపాలో ఎవరైనా ఒకసారి దగ్గరుండి చేసి చూపిస్తే తింటారని నా నమ్మకం. ప్యాకెట్ ఇచ్చే రోజే ఒక గిన్నె జావ కాచి చూపించడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజు కూలికి వెళ్లే తల్లులకు సాయంత్రం కూడా ఇస్తే బాగుంటుంది. మా పక్కింటామె రెండు నెలలు అలాగే పోగొట్టుకుంది.

గుడ్లు, తల్లిపాలు కూడా ఉన్నాయి కాబట్టి అంతా పిండి వల్లే అనను. పోయిన వారం తూకంలో మా పాప 8.1 కిలోలు. పద్నాలుగో నెల. చుక్క ఆకుపచ్చలో పడింది.