లోపలి డీజిల్ ఇంజిన్ తీసి ఔట్‌బోర్డు పెట్టించాక: నాలుగు సీజన్ల అనుభవం

2022లో చేపల వేట నిషేధ కాలంలో మా 26 అడుగుల ఫైబర్ బోటులోంచి డీజిల్ ఇంజిన్ పీకేసి, అమరానికి, అంటే బోటు వెనక గోడకు, 9.9 హార్స్ పవర్ ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఔట్‌బోర్డు (బయట తగిలించే మోటారు) బిగించాం. నాలుగు సీజన్లు గడిచాయి. మేమూ మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే: మీ బోటు ఏ నీళ్లలో తిరుగుతుంది?

మాది కోరంగి దగ్గర. మడ అడవుల మధ్య గాడేరు పాయ దిగి కాకినాడ అఖాతంలోకి వెళ్తాం. హోప్ ఐలాండ్ అడ్డం ఉండటంతో అఖాతంలో కెరటం పోరు తక్కువ. కానీ గోదావరి తెచ్చే ఒండ్రు వల్ల లోతూ తక్కువే. పాత ఇంజిన్‌తో మా కష్టమంతా అక్కడే. షాఫ్టు, నీళ్లలో తిరిగి బోటును తోసే ఫ్యాను, చుక్కాని మూడూ బోటు అడుగు కిందకి వేలాడేవి. మూడడుగుల నీరు లేకపోతే ముందుకు కదలలేం. పాటు మొదలై నీరు తీయడం మొదలయ్యాక తిరుగు ప్రయాణమైతే ఫ్యాను బురదలో దిగబడేది, మళ్లీ పోటు వచ్చేదాకా నాలుగైదు గంటలు కూర్చోవాల్సిందే. ఐస్ కరిగిపోయేది, పండుగప్ప మెత్తబడి రేటు పడిపోయేది. వల ముక్కో తాడో ఫ్యానుకు చుట్టుకుంటే కత్తి పళ్లతో కరిచి పట్టుకుని నీళ్లలోకి దిగాలి. ఆ పని చేసీ చేసీ నాన్న భుజం పాడైంది. బోటు మార్పించడానికి నాకు అసలు కారణం ఆ భుజమే.

ఇప్పుడు అడుగున్నర, రెండడుగుల నీటిలో కూడా మోటారు కొంచెం పైకి లేపి నెమ్మదిగా వచ్చేస్తాం. ఏదైనా చుట్టుకుంటే మోటారు ఆపి, పైకి ఎత్తి, బోటులోంచే కోసి పారేస్తాం. ఈ నాలుగు సీజన్లలో పాటుకు చిక్కుకుపోయింది రెండే రెండుసార్లు.

మార్పు పని మాత్రం అనుకున్నంత తేలిక కాదు. ఇంజిన్, గేర్‌బాక్స్, షాఫ్టు, ట్యూబు బయటికి తీశాక అడుగున షాఫ్టు కన్నం మిగులుతుంది. మొదట పని చేసినతను ఆ కన్నంలో రెజిన్ ముద్ద కూరి, పైన రెండు పొరలు ఫైబర్ మ్యాట్ అతికించి అయిపోయిందన్నాడు. నీళ్లలో దించిన మూడో రోజు లోపల కన్నం చుట్టూ చెమ్మ కనబడింది. వేలితో రాసి నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉంది. మళ్లీ ఒడ్డుకెక్కించి, వేరే మనిషితో అంతా గీకించాం. కన్నం చుట్టూ జానెడు మేర పల్లెంలా ఏటవాలుగా అరగదీసి, చిన్న ముక్క నుంచి పెద్ద ముక్క వరకు పొర మీద పొర వేశాడు. లోపలి నుంచీ, బయటి నుంచీ కూడా. ఇప్పటిదాకా చుక్క నీరు రాలేదు. మార్పించుకునేవాళ్లు ఈ ఒక్క పని దగ్గర పక్కనే నిలబడి చేయించుకోండి.

రెండోది అమరం. లోపలి ఇంజిన్ ఉన్న బోటులో తోపు అంతా ఇంజిన్ కూర్చున్న దూలాల మీద పడుతుంది, వెనక గోడకు పెద్ద బరువేమీ ఉండదు. ఔట్‌బోర్డు పెట్టగానే మోటారు బరువు, తోపు, కెరటానికి ఎగిరిపడే కుదుపు అన్నీ ఆ గోడే మోయాలి. మా బోటు గోడను సుత్తితో తట్టి చూస్తే పైన గట్టిగా పలికింది, కింద మొద్దుగా పలికింది. కింద చిన్న కన్నం వేస్తే తడిసిన నల్లటి చెక్క పొట్టు బయటికొచ్చింది. లోపలి ప్లైవుడ్ మొత్తం పుచ్చిపోయింది. తీసేసి, 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై రెండు పలకలు కలిపి అతికించి, పైన ఫైబర్ వేయించాం. అక్కడి నుంచి పాత ఇంజిన్ దూలాల దాకా రెండు పక్కలా ముక్కోణపు ఊతాలు కట్టించాం. మోటారును బిగింపు మరలకే వదిలేయకుండా స్టీలు బోల్టులు ఆరపార వేయించాం.

ఎత్తు కూడా చూసుకోవాలి. మాది 20 అంగుళాల షాఫ్టు మోటారు. ఫ్యాను మీద ఉండే బల్లపరుపు రేకు బోటు అడుగుకు సమంగానో, అంగుళం కిందకో రావాలి. దానికోసం గోడ మధ్యలో కోత కోశాం. ఆ కోత ఎంత ప్రమాదమో మొదటి తుపాను గాలుల్లో తెలిసింది. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటం వెనక నుంచి తరుముకొస్తే నీరు నేరుగా ఆ కోతలోంచి బోటులోకి దూకింది. ఆ వారమే కోత వెనక తొట్టెలాగా ఒక అడ్డుగోడ కట్టించి, నీరు బయటికి పోయేలా రెండు గొట్టాలు పెట్టించాం. ఆ తొట్టె లేకుండా మొగ దాటవద్దని నేను ఎవరికైనా గట్టిగా చెప్తాను.

నడక గురించి. పాత ఇంజిన్, గేర్‌బాక్స్, షాఫ్టు కలిపి రెండు వందల కేజీలకు పైనే, అదీ బోటు నడుమ, అడుగున. కొత్త మోటారు నలభై అయిదు కేజీల లోపు, అదీ వెనక చివర. అడుగు బరువు పోవడంతో ఖాళీ బోటు పక్కలకు బాగా ఊగింది, అణియం (ముందు కొస) పైకి లేచింది. ఐస్ పెట్టెను, పెట్రోలు ట్యాంకును ముందుకు జరిపి, వలలు మధ్యలో అడుగున పరిచాక కుదురుకుంది. ఇంజిన్ ఉన్న చోట నాలుగడుగుల జాగా దొరికింది.

బరువు లాగడంలో డీజిల్‌కు ఇది సాటి రాదు. పాతది పెద్ద ఫ్యానును నిదానంగా తిప్పేది, ఇది చిన్న ఫ్యానును వేగంగా తిప్పుతుంది. నిండు లోడుతో ఉన్నప్పుడు ఫుల్ రేసు ఇచ్చినా ఇంజిన్ నిమిషానికి 4,400 చుట్లు దాటేది కాదు. పుస్తకంలో 5,000 నుంచి 6,000 దాకా రావాలని ఉంది. మెకానిక్ సలహా మీద రెండంగుళాలు తక్కువ పిచ్ (ఒక చుట్టుకు ముందుకు తోసే దూరం) ఉన్న ఫ్యాను వేశాం. ఇప్పుడు లోడుతో 5,000 దాటుతోంది, ఇంజిన్ మూలుగు తగ్గింది. ఖాళీగా వెళ్లేటప్పుడు వేగం కాస్త తగ్గింది, దానికి మాకు బాధ లేదు. ఎదురు కెరటాల్లో మాత్రం అప్పుడప్పుడు ఫ్యాను నీళ్ల పైకొచ్చి గీమంటుంది. వెంటనే రేసు తగ్గించాలి.

ఇంధనం ఖర్చు రెట్టింపైంది, ఇందులో దాపరికం లేదు. డీజిల్ ఇంజిన్ గంటకు రెండు లీటర్లకు కాస్త పైన తాగేది, పైగా డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల రాయితీ ఉండేది. ఇది ఫుల్ రేసులో గంటకు మూడున్నర లీటర్ల పెట్రోలు తాగుతుంది, రాయితీ లేదు. మేము రోజుకు రెండు మూడు గంటలే ఇంజిన్ నడుపుతాం కాబట్టి, చేప తాజాగా ఒడ్డు చేరడం వల్ల వచ్చే రేటుతో అది పూడుతోంది. రోజంతా ఇంజిన్ నడిపే బోటుకు పూడదు. సముద్రంలో దూరం పోయి, టన్ను లోడుతో వచ్చేవాళ్లు డీజిల్‌నే ఉంచుకోండి.

సంరక్షణలో గోదావరి బురద నీరే పెద్ద శత్రువు. మోటారును చల్లబరచడానికి నీళ్లు లాగే రబ్బరు ఇంపెల్లర్‌ను ఇసుక కొరికేస్తుంది, ఏడాదికోసారి మార్చేస్తున్నాం. ఒకరోజు మోటారు పక్క నుంచి కొట్టే సన్నటి నీటి ధార ఆగిపోయింది. చేత్తో మూత తాకితే సలసల కాలిపోతోంది. ఆపి పైకెత్తి చూస్తే నీళ్లు లాగే జాలీకి పాలిథిన్ కవరు అతుక్కుని ఉంది. అప్పటి నుంచి అందరి కళ్లూ ఆ ధార మీదే. వచ్చాక పది నిమిషాలు మంచినీళ్లతో నడిపిస్తాం. గేర్ ఆయిల్ వంద గంటలకోసారి మారుస్తాం. రెండో ఏడు ఆ ఆయిల్ పాలలా తెల్లగా వచ్చింది. గాలపు తీగ ఫ్యాను వెనక దూరి సీలు కోసేసింది. త్వరగా చూశాం కాబట్టి సీలుతో పోయింది. పెట్రోలు దారిలో నీటిని వేరుచేసే ఫిల్టర్ తప్పనిసరి. దొంగల భయం ఒకటి ఉంది, బోల్టులకు తాళం వేసినా కొత్తలో రాత్రిళ్లు టెన్షన్‌గానే ఉండేది.

మొత్తం ఖర్చు, మోటారుతో, ఫైబర్ పనితో కలిపి మూడు లక్షలకు దగ్గరైంది. పాత ఇంజిన్ అమ్మితే కొంత వచ్చింది.

మొదటిసారి గాడేరులో తెల్లవారుజామున నెమ్మదిగా పోతుంటే నాన్న అణియం దగ్గర నుంచి వెనక్కి తిరిగి, “ఏరా, ఆగిపోయిందా?” అని అడిగాడు. ముప్ఫై ఏళ్లు డీజిల్ దడదడ పక్కన కూర్చున్న మనిషి. “లేదు నాన్నా, నడుస్తోంది” అన్నాను, కేక వేయకుండానే. వినబడింది.