ఇంటి పనులకు ఏ డ్రిల్లు కొనాలి? లింటెల్ దగ్గర తేలిన విషయం

ఒంగోలులో మేము ఇల్లు కట్టుకుని నాలుగేళ్లు దాటింది. గృహప్రవేశమైన వారానికి కిటికీలకు కర్టెన్ రాడ్లు బిగించాల్సి వచ్చింది. వస్తానన్న ఎలక్ట్రీషియన్ రెండు రోజులు రాకపోవడంతో విసుగెత్తి, 117 వస్తువుల పెట్టెతో కలిపి అమ్ముతున్న 500 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. హాలులో గడియారానికి, దేవుడి పటాలకు రంధ్రాలు చిటికెలో పడ్డాయి. కిటికీ పైన మాత్రం బిట్టు సిమెంటు పూత మందం వరకు దిగి, అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. బలమంతా పెట్టి పది నిమిషాలు నొక్కి, ఆ తర్వాత బయటికి తీసి చూస్తే బిట్టు కొన నీలంగా మాడి ఉంది. కొనకు అతికించిన కార్బైడ్ అనే గట్టి పదార్థపు ముక్క ఒక పక్కకు ఒరిగిపోయింది. రంధ్రం లోతు అంగుళం కూడా లేదు.

మర్నాడు పిట్టగోడ పని మిగిలి ఉండి వచ్చిన మేస్త్రి నా అవస్థ చూసి, "అక్కడ ఇటుక లేదు సార్, లింటెల్ ఉంది. దీంతో సాయంత్రం దాకా నొక్కినా దిగదు," అని తన హ్యామర్ మిషన్ తెచ్చి, నాలుగు రంధ్రాలూ రెండు నిమిషాల్లో పూర్తి చేశాడు. ఇంటి పనికి మొదట కొనాల్సింది చిన్న ఇంపాక్ట్ డ్రిల్లే అని చాలామంది సలహా ఇస్తారు. నాలుగేళ్ల వాడకం తర్వాత ఆ సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

ఎందుకో చెబుతాను. మన ఇళ్లలో కిటికీలకు, తలుపులకు పైన సుమారు ఏడు అడుగుల ఎత్తున లింటెల్, అంటే కాంక్రీటు దూలం, వస్తుంది. చాలా ఇళ్లలో అది ఇంటి చుట్టూ పట్టీలా తిరుగుతుంది. కర్టెన్ రాడ్డు, అటక తలుపు, కిటికీ పైన రేకుల పందిరికి వేసే క్లాంపు, పెరట్లో బట్టలు ఆరేసే తీగకు కొక్కెం, ఇవన్నీ పోయి పోయి లింటెల్ మీదో, పిల్లరు మీదో, బీము మీదో పడతాయి. అంటే ఇంట్లో మనం వేసే రంధ్రాల్లో సగం దాకా కాంక్రీటులోనే వేయాల్సి వస్తుంది. డ్రిల్లు పెట్టె మీద "కాంక్రీటు 10 మిల్లీమీటర్లు" అని రాసి ఉండటం అబద్ధం కాకపోవచ్చు గానీ, దానికి పట్టే సమయాన్ని, మన భుజానికి కలిగే నొప్పిని అక్కడ రాయరు.

ఇంపాక్ట్ డ్రిల్లుకు, మేస్త్రి తెచ్చిన లాంటి రోటరీ హ్యామర్‌కు తేడా వాట్లలో ఉందని నేను చాలాకాలం అనుకున్నాను. తేడా లోపలి ఏర్పాటులో ఉంది. ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరగడం వల్ల బిట్టు కొద్దిగా అదురుతుంది. నిమిషానికి వేల దెబ్బలు పడినా ఒక్కొక్కటీ చాలా చిన్నది, ఆ దెబ్బకు బలం మన చెయ్యి నొక్కే నొక్కుడు నుంచే రావాలి. హ్యామర్‌లో మోటారు ఒక పిస్టన్‌ను ముందుకు వెనక్కు ఆడిస్తుంది. ఆ పిస్టన్ గొట్టంలోని గాలిని నొక్కితే, ఆ గాలి ఒక ఇనుప దిమ్మను తోసి బిట్టు వెనుక భాగాన్ని కొడుతుంది. దెబ్బలు తక్కువ పడతాయి, ప్రతి దెబ్బా గట్టిగా పడుతుంది, మనం మిషన్‌ను నిలబెట్టి పట్టుకుంటే సరిపోతుంది. అందుకే హ్యామర్ కొనేటప్పుడు వాట్ల కన్నా ముందు, ఒక్కో దెబ్బ శక్తిని చెప్పే జౌళ్ల లెక్క చూడాలి.

నేను తర్వాత కొన్నది బాష్ వారి నీలం రంగు శ్రేణిలోని జీబీహెచ్ 220. ఆ కంపెనీ పనివాళ్ల కోసం చేసే మిషన్లకు నీలం రంగు, ఇంటివాడకానికి ఉద్దేశించిన వాటికి ఆకుపచ్చ రంగు వేస్తుంది. ఇది 720 వాట్లు, 2 జౌళ్ల దెబ్బ, బరువు రెండు కిలోల పైచిలుకు. నాకు ఆరు వేల రూపాయలు దాటింది. లింటెల్‌లో 8 మిల్లీమీటర్ల రంధ్రం పదిహేను సెకన్ల లోపు పడుతుంది. తిప్పడం ఆపి దెబ్బ మాత్రమే వేసే అమరిక ఉండటం వల్ల, బాత్రూములో పగిలిన రెండు టైల్స్ ఊడదీయడానికి ఉలిలా కూడా పనికొచ్చింది. బిట్టు ఎక్కడైనా బిగుసుకుంటే లోపలి క్లచ్ జారిపోయి మణికట్టు మెలిపడకుండా కాపాడుతుంది. లోపాలు లేవని కాదు. నిచ్చెన మీద నిలబడి తల పైకి వేసే రంధ్రాలకు బరువు తెలుస్తుంది. చెక్క బిట్లు పట్టించాలంటే వేరే చక్ (బిట్టును పట్టి ఉంచే మూతి) తగిలించాలి, అప్పుడు మిషన్ పొడవు పెరిగి కొన ఊగుతుంది, సన్నని పని కుదరదు. మకీటా, డీవాల్ట్ కంపెనీల్లోనూ ఇదే స్థాయి హ్యామర్లు ఉన్నాయి. రెండు జౌళ్లకు తగ్గకుండా, ఎస్‌డీఎస్ ప్లస్ అనే గాడుల కాడ బిట్లు పట్టేది ఏదైనా ఇంటికి సరిపోతుంది.

ఇక బిట్ల సంగతికి వస్తే, మిషన్ కొనడానికి పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు కూడా మనం వాటి మీద పెట్టం. నా మొదటి పెట్టెలోని 117 వస్తువుల్లో, రంధ్రంలో దూర్చి స్క్రూ బిగించే ప్లాస్టిక్ ప్లగ్గులను, వాటి స్క్రూలను విడివిడిగా లెక్కపెట్టారు. విస్తట్లో ఎన్ని రకాలు వడ్డించారంటే ఉప్పునూ, మంచినీళ్లనూ కలిపి చెప్పినట్టుంది ఆ లెక్క. అసలు పనికొచ్చే బిట్లు ఐదు కూడా లేవు. ఇప్పుడు నా దగ్గర ఉన్న కాంక్రీటు బిట్లు నాలుగే: 6, 8, 10, 12 మిల్లీమీటర్లు. వీటి కాడ 10 మిల్లీమీటర్ల లావుండి, గాడులు కలిగి, మిషన్‌లోకి నొక్కితే టక్కున పడుతుంది. 6, 8 మాత్రం రోజువారీ అవసరం కాబట్టి కొనకు రెండు అంచులకు బదులు నాలుగు అంచులున్నవి తీసుకున్నాను. ధర రెట్టింపు కన్నా ఎక్కువే, కానీ లోపల ఇనుప కమ్మీ తగిలినప్పుడు ఇవి బిగుసుకోవడం తక్కువ. కమ్మీ తగిలిందని శబ్దం మారగానే తెలుస్తుంది. అప్పుడు పంతానికి పోకుండా అంగుళం పక్కకు జరగడం బిట్టుకూ బీముకూ మంచిది.

రంధ్రం ఎంత బాగా పడినా ప్లగ్గు నాసిరకమైతే ఫలితం ఉండదు. నైలాన్ ప్లగ్గును 1958లో జర్మనీకి చెందిన ఆర్టర్ ఫిషర్ కనిపెట్టాడు, ఇప్పటికీ ఆ పేరుతోనే దొరుకుతుంది. పది రూపాయలకు గుప్పెడు వచ్చే రంగు ప్లాస్టిక్ ప్లగ్గులు స్క్రూ బిగిసే సమయానికి లోపలే తిరుగుతాయి, వాటిని బయటికి లాగడం ఒక యాతన. 8 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్గు పొడవు 40 మిల్లీమీటర్లు, దానికి రంధ్రం 55 దాకా ఉండాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: గోడ పైపూత అర అంగుళం దాకా ఉంటుంది, దానికి పట్టు లేదు, కాబట్టి ప్లగ్గు పూత దాటి లోపలి ఇటుకలో కూర్చునేలా నొక్కాలి. రంధ్రంలోని దుమ్మును సైకిలు పంపుతో ఊదేస్తే పట్టు ఇంకా పెరుగుతుంది. తల పైకి రంధ్రం వేసేటప్పుడు కాగితపు టీ కప్పు అడుగున కన్నం చేసి బిట్టుకు తొడిగితే దుమ్మంతా కప్పులోనే పడుతుంది. ఇది నేను కనిపెట్టిన ఉపాయం కాదు, ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రవాడి దగ్గర నేర్చుకున్నాను. గాలి బుడగలతో చేసే తేలికపాటి ఏఏసీ కాంక్రీటు దిమ్మలకు మాత్రం హ్యామర్ దెబ్బ వాడకూడదు. ఏఏసీలో దెబ్బ వేస్తే రంధ్రం గుంటగా విచ్చుకుంటుంది, తిప్పుడు ఒక్కటే చాలు.

పాత ఇంపాక్ట్ డ్రిల్లుకు అన్యాయం చేయకూడదు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మా వంటగది గట్టు చీమకుర్తి గెలాక్సీ రాయి, బంగారు చుక్కల నల్ల గ్రానైటు. దానికి కొత్త కుళాయి కోసం 35 మిల్లీమీటర్ల రంధ్రం కావాల్సి వచ్చింది. ఆ రాయికి మామూలు గోడ బిట్టు గీత కూడా పెట్టలేదు. చివర వజ్రపు పొడి అతికించిన గొట్టం లాంటి కోర్ బిట్టు కొని, దెబ్బ మీట ఆపేసి, పాత డ్రిల్లుతోనే మొదలుపెట్టాను. బిట్టు మొదట్లో జారకుండా అదే కొలత రంధ్రమున్న చెక్క పలకను రాయి మీద బిగించాను. రాయి పైన గాడి పడగానే పలక తీసి, చుట్టూ చపాతీపిండి ముద్దతో కట్ట కట్టి మధ్యలో నీళ్లు పోశాను. నెమ్మదిగా తిప్పుతూ, నిమిషానికోసారి పైకి ఎత్తి చల్లార్చుకుంటూ పోతే, నీళ్లు నల్లటి చిత్తడిగా మారుతూ ఇరవై ఐదు నిమిషాలకు గుండ్రటి బిళ్ల కింద గిన్నెలో పడింది. అంచు ఎక్కడా పెచ్చు లేవలేదు. ఆ బిళ్ల ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పనిచేస్తోంది. ఈ పనికి హ్యామర్ వాడి ఉంటే రాయి చిట్లేది. టైల్స్‌కు కూడా ఇదే నియమం: దెబ్బ వద్దు, ఈటె మొన లాంటి టైల్ బిట్టు, గీత మీద కాగితపు టేపు, తక్కువ వేగం.

డిస్కు తిప్పి కోసే, గోకే యాంగిల్ గ్రైండర్ మీద నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. నాలుగు అంగుళాల గ్రైండర్ ఇంట్లో ఉంటే తుప్పు గేటు గోకడానికి, పైపు కోయడానికి, టైల్ అంచు సరిచేయడానికి ఎంతో ఉపయోగం. నా దగ్గర ఉన్నది 660 వాట్లది, అంతకు మించి ఇంటికి అక్కర్లేదు. అయితే అది నిమిషానికి పది వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఈ కొలత డిస్కుల మీద సాధారణంగా 15,300 అని గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. ఏడు అంగుళాల డిస్కు మీద ఉండేది 8,500 మాత్రమే. డిస్కుకు అడ్డుగా ఉండే రక్షణ రేకు ఊడదీసి పెద్ద డిస్కు ఎక్కించడం కంటే తెలివితక్కువ పని లేదు. దానితో సమానమైనది, చెక్క కోయడానికని పళ్ల రంపపు బిళ్లను గ్రైండర్‌కు బిగించడం. దుకాణాల్లో అది బహిరంగంగానే అమ్ముతారు. చెక్కలో పన్ను ఇరుక్కుంటే మిషన్ మన మీదికే ఎగురుతుంది, ఆపడానికి అందులో ఏ ఏర్పాటూ లేదు. ఇంకొక చిన్న పరిశీలన: ఇనుము కోసే పలుచని డిస్కు నడిమి రేకు మీద గడువు తేదీ ఉంటుంది. ఆ డిస్కులో రేణువులను పట్టి ఉంచేది రెజిన్ జిగురు, అది తేమకు బలహీనపడుతుంది. కొత్తపట్నం వైపు నుంచి ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఉన్నవాళ్లం కాబట్టి గడువు దాటిన వాటిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోను.

స్క్రూలు బిగించడానికి, చెక్కకు సన్నని రంధ్రాలకు 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్లు తెచ్చుకున్నాను. హ్యామర్‌కు చేతకాని పనులన్నీ ఇది చేస్తుంది. మెడ దగ్గరి అంకెల పట్టీని తక్కువకు తిప్పి పెడితే స్క్రూ తల చెడకముందే క్లచ్ జారుతుంది. వోల్టుల లెక్కలో మోసపోకూడదు: 18 వోల్టులన్నా, 20 మ్యాక్స్ అన్నా లోపల ఉన్నవి ఒకే ఐదు సెల్లుల వరుసలు. 48, 128 అని పెద్ద అక్షరాలతో అంటించిన చీటీలకు బ్యాటరీ వోల్టులతో సంబంధం లేదు. రెండు బ్యాటరీలున్న పెట్టె తీసుకోవాలి, ఒకటే ఉంటే సరిగ్గా సగం అల్మరా బిగించాక ఆగుతుంది.

మిషన్ ఎంపికలో చివరికి నన్ను ఎక్కువ బాధపెట్టింది సర్వీసు. నా మొదటి డ్రిల్లుకు ఏడాదిన్నరకే కార్బన్లు, అంటే మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు, అరిగాయి. అరగడం తప్పు కాదు, అవి అరగడానికే ఉన్నాయి. కంపెనీకి ఫోన్ చేస్తే మిషన్‌ను విజయవాడ పంపమన్నారు. పంపితే నెల తర్వాత విడిభాగం లేదని తిప్పి పంపారు. చివరికి ఊళ్లో మోటార్ల వైండింగ్ చేసే ఆయన వేరే మిషన్ కార్బన్లు తీసుకుని, ఎమరీ కాగితం మీద రుద్ది, మధ్య మధ్య గూట్లో పెట్టి చూసుకుంటూ కొలతకు తెచ్చి ఎనభై రూపాయలకు నడిపించాడు. అప్పటి నుంచి ఏ మిషన్ కొన్నా ముందు మా హార్డ్‌వేర్ దుకాణంలో దాని కార్బన్లు ఉన్నాయా అని అడుగుతున్నాను. లేవంటే ఆ మిషన్ ఎంత చవకైనా వదిలేస్తాను.

మిగిలినవి త్వరగా చెబుతాను. కళ్లద్దాలు, ఎన్95 మాస్కు లేకుండా కాంక్రీటు తొలవకూడదు. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా గోడలో వైరు గొట్టం వెళ్తుంది, అక్కడ బిట్టు పెట్టకూడదు. ఎక్స్‌టెన్షన్ వైరు కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి, చుట్టగా ఉంచి వాడితే వేడెక్కుతుంది కనుక పూర్తిగా విప్పాలి. వాన రోజుల్లో బిట్లకు తుప్పు పట్టకుండా కుట్టుమిషన్ నూనె పలుచగా రాస్తున్నాను; కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్ము పట్టింది. చెక్క కోసే జిగ్‌సా, చెక్కను చిత్రిక పట్టే ప్లేనర్ లాంటివి కొనలేదు, ఏడాదికి రెండు రోజుల పనికి వడ్రంగికి ఇచ్చే కూలీయే చవక.

పాత 500 వాట్ల డ్రిల్లును సింగరాయకొండలో ఉన్న మా తోడల్లుడు అడిగి తీసుకెళ్లారు. దానికి రంగు కలిపే కడ్డీ తగిలించి, ఇల్లంతా సున్నం, ప్రైమరు దానితోనే కలుపుకున్నామని మొన్న ఫోన్‌లో చెప్పారు. కర్టెన్ రాడ్లకు మాత్రం నా హ్యామర్ పంపమన్నారు.