మైక్రోటిక్ హ్యాప్ లైట్: గెస్ట్ వై-ఫై కోసం రెండో రౌటర్‌గా ఎలా ఉంది?

రెండో రౌటర్ కొని, మెయిన్ రౌటర్ లాన్ పోర్టు (ఇంటి లోపలి వైపు) నుంచి దాని వాన్ పోర్టుకు (నెట్ వచ్చే వైపు) కేబుల్ లాగి, వేరే పేరుతో వై-ఫై పెట్టేస్తే గెస్టులు వేరైపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. వేరవ్వరు. రెండో రౌటర్‌లోని నాట్ (లోపలి పరికరాలన్నిటినీ ఒకే అడ్రస్‌తో బయటికి పంపే ఏర్పాటు) బయటినుంచి లోపలికి వచ్చేవాటినే ఆపుతుంది. లోపలున్న గెస్టు బయటికి వెళ్తుంటే దారి వదిలేస్తుంది. ఆ రౌటర్ లెక్కలో 'బయట' అంటే ఇంటర్నెట్ ఒక్కటే కాదు, మధ్యలో ఉన్న మీ నెట్‌వర్క్ కూడా. గెస్టు తన ఫోన్ బ్రౌజర్‌లో 192.168.29.1 అని కొడితే జియో ఫైబర్ పెట్టె లాగిన్ పేజీ హాయిగా తెరుచుకుంటుంది. సీసీటీవీ డీవీఆర్, రిసెప్షన్ ప్రింటర్, షేర్ చేసిన ఫోల్డర్లు, అన్నిటిదీ ఇదే సంగతి.

తిరగేసి పెట్టొచ్చు: గెస్టులు నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె మీద, మీ సామాన్లన్నీ రెండో రౌటర్ వెనక. కొంత మేలే. కానీ అప్పుడు మీ ట్రాఫిక్ అంతా గెస్టులున్న నెట్‌వర్క్ గుండానే బయటికి పోవాలి. అక్కడ కూర్చుని ఏఆర్‌పీ స్పూఫింగ్ (నేనే రౌటర్‌నని మిగతా పరికరాలను నమ్మించే మోసం) చేసేవాడికి మధ్యలో దూరే వీలు మిగిలే ఉంటుంది. పైగా కెమెరాల దగ్గర్నుంచి టీవీ దాకా అన్నిటినీ కొత్త వై-ఫైలోకి మార్చుకోవాలి.

కాబట్టి రెండో రౌటర్ కొనేటప్పుడు చూడాల్సింది యాంటెన్నాల సంఖ్య కాదు. 'ఫలానా అడ్రస్‌లకు వెళ్లేదాన్ని ఆపు' అనే ఫైర్‌వాల్ రూల్ రాయనిస్తుందా, లేదా? ఆ సౌకర్యం ఉన్న చవకైనవాటిలో ఒకటి మైక్రోటిక్ హ్యాప్ లైట్, మోడల్ ఆర్‌బీ941-2ఎన్‌డీ. మైక్రోటిక్ 1996లో లాత్వియా రాజధాని రీగాలో మొదలైన కంపెనీ. కేబుల్ నెట్ నడిపేవాళ్లందరికీ బాగా తెలిసిన పేరే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే మోడల్ నంబర్ చెప్పి అడగండి. హ్యాప్ పేరుతో అరడజనుకు పైగా పెట్టెలున్నాయి, మినీకి మూడే పోర్టులు.

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. 650 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్. నాలుగు పోర్టులూ 100 ఎంబీపీఎస్‌వే, వై-ఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. కాగితం మీద చూస్తే 2010ల నాటి సరుకు, నిజానికీ అంతే. కరెంటు మైక్రో యూఎస్‌బీ నుంచి, 5 వోల్టులు. కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల మినీ యూపీఎస్‌కు నేరుగా తగిలించకండి, కాలిపోతుంది. యూఎస్‌బీ అవుట్‌పుట్ కూడా ఉన్న యూపీఎస్ తీసుకోండి. టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు నుంచి ఇస్తే లోడు పడ్డప్పుడు రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

మెయిన్ రౌటర్‌కు తగిలించిన వెంటనే, గెస్టులకు ఇవ్వకముందే, అప్‌డేట్ చేయాలి. పాత స్టాకుకీ, సెకండ్ హ్యాండ్‌కీ ఇది మరీ ముఖ్యం. విన్‌బాక్స్ అంటే మైక్రోటిక్ రౌటర్‌ను కంప్యూటర్ నుంచి నడిపే ప్రోగ్రాం. 2018లో బయటపడ్డ దాని లోపం వల్ల పాస్‌వర్డ్ తెలియకుండానే రౌటర్ యూజర్ ఫైలు లాగేసుకోవచ్చు. దాన్ని రౌటర్‌ఓఎస్ (ఈ రౌటర్ల సాఫ్ట్‌వేర్) 6.42.1లో సరిచేశారు. విన్‌బాక్స్ మెనూలో వరుసగా సిస్టమ్, ప్యాకేజెస్, చెక్ ఫర్ అప్‌డేట్స్. అది అయ్యాక సిస్టమ్, రౌటర్‌బోర్డ్, అప్‌గ్రేడ్, రీబూట్. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. రౌటర్‌ఓఎస్ 7 కూడా ఎక్కుతుంది గానీ ఇంత తక్కువ ర్యామ్, ఫ్లాష్ ఉన్న పెట్టె మీద ఈ ఒక్క పనికి 6వ వెర్షన్ లాంగ్-టర్మ్ చాలు. పాత పెట్టెలకు అడ్మిన్ పాస్‌వర్డే ఉండదు, వై-ఫై కూడా తాళం లేకుండా వస్తుంది. రెండూ ముందే పెట్టేయండి.

మెయిన్ రౌటర్ లాన్ నుంచి వచ్చే కేబుల్ ఒకటో పోర్టులోనే పెట్టాలి. రెండు, మూడు, నాలుగులో పెడితే ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లిచ్చే) పంపిణీదారులు తయారవుతారు. ఇంట్లో సగం ఫోన్లకు 192.168.88తో మొదలయ్యే అడ్రస్ వచ్చి అంతా గందరగోళం. సరిగ్గా పెడితే గెస్టులకు 192.168.88.0/24 (అంటే 192.168.88తో మొదలయ్యేవన్నీ), వాన్ వైపు మెయిన్ రౌటర్ ఇచ్చిన అడ్రస్. ఆ అడ్రస్‌ను మెయిన్ రౌటర్‌లో రిజర్వ్ చేయండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అసలు పని. ఐపీ, ఫైర్‌వాల్, అడ్రస్ లిస్ట్స్‌లో 'లోకల్' అనే పేరుతో నాలుగు ఎంట్రీలు (ఇంటర్నెట్‌లో కాక లోపలి నెట్‌వర్క్‌ల్లో వాడే అడ్రస్‌ల వరుసలు): 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16, 100.64.0.0/10. తర్వాత ఫిల్టర్ రూల్స్‌లో కొత్త రూల్: చైన్ ఫార్వర్డ్ (రౌటర్ గుండా అవతలికి పోయే ట్రాఫిక్), ఇన్ ఇంటర్‌ఫేస్ బ్రిడ్జ్ (గెస్టుల వైపు), డెస్టినేషన్ అడ్రస్ లిస్ట్ లోకల్, యాక్షన్ రిజెక్ట్. డ్రాప్ పెట్టినా పర్లేదు, కానీ రిజెక్ట్ అయితే ఫోన్ ఊరికే తిరుగుతూ కూర్చోకుండా వెంటనే రాదని చెప్పేస్తుంది.

మెయిన్ రౌటర్ కూడా 192.168 లోనే ఉంది కదా, దాన్ని ఆపితే నెట్ ఎలా వస్తుందని అనుమానం రావచ్చు. గూగుల్‌కు వెళ్లే ప్యాకెట్ మీద గమ్యంగా గూగుల్ అడ్రసే ఉంటుంది. మెయిన్ రౌటర్ దారిలో వచ్చే మజిలీ మాత్రమే. డీఎన్ఎస్ (సైటు పేరుకు అడ్రస్ వెతకడం) కూడా గెస్టులు హ్యాప్ లైట్‌నే అడుగుతారు. అది తనంతట తాను పైకి అడిగేది ఫార్వర్డ్ చైన్‌లోకి రాదు.

నాలుగో ఎంట్రీ 100.64.0.0/10 ఎందుకంటే, నెట్ కంపెనీ సీజీనాట్ (చాలామంది కస్టమర్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ వాడే పద్ధతి) వాడుతుంటే మీ మెయిన్ రౌటర్ వాన్ అడ్రస్ ఆ వరుసలో ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని రౌటర్లు లోపలినుంచి తమ వాన్ అడ్రస్ కొట్టినా అడ్మిన్ పేజీ చూపిస్తాయి. ముందు తలుపు వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టు అవుతుంది. మీది పబ్లిక్ ఐపీ అయితే ఈ లిస్టు దాన్ని కప్పదు. దాన్నీ చేర్చండి, ఆ ఐపీ మారుతుంటే మెయిన్ రౌటర్‌కు గట్టి పాస్‌వర్డే దిక్కు.

రూల్ పెట్టాక కూడా పింగ్ (అవతలి పరికరం పలుకుతుందా అని చూసే పరీక్ష) వెళ్తూనే ఉందా? అది రూల్ కంటే ముందే మొదలైన కనెక్షన్. డిఫాల్ట్ ఫైర్‌వాల్ పాత కనెక్షన్లను పైనున్న రూల్‌తోనే వదిలేస్తుంది. ఒకసారి రీబూట్ చేసి మళ్లీ చూడండి.

ఇంతవరకూ గెస్టుల నుంచి మీకు రక్షణ. గెస్టుల నుంచి గెస్టులకు వేరే పెట్టాలి: వైర్‌లెస్ ఇంటర్‌ఫేస్‌లో డిఫాల్ట్ ఫార్వర్డ్ టిక్ తీసేయండి. ఒకరి ఫోన్ ఇంకొకరికి కనిపించదు. ఇది ఈ పెట్టె రేడియో వరకే. మిగతా పోర్టులకు ఇంకో యాక్సెస్ పాయింట్ తగిలిస్తే బ్రిడ్జ్ పోర్టులన్నిటికీ ఒకే హొరైజన్ నంబర్ ఇవ్వాలి (ఒకే నంబర్ ఉన్న పోర్టులు ఒకదానితో ఒకటి మాట్లాడవు), ఆ రెండో పాయింట్‌లో ఐసొలేషన్ విడిగా ఆన్ చేయాలి.

గెస్టులు హ్యాప్ లైట్ లాగిన్ దాకా రాకుండా ఉండాలంటే దాన్ని ఇంటి వైపు నుంచే నడపడం మేలు. ఇన్‌పుట్ చైన్‌లో (రౌటర్‌కే వచ్చే ట్రాఫిక్) ఒక యాక్సెప్ట్ రూల్: ఇన్ ఇంటర్‌ఫేస్ ఈథర్1 (ఒకటో పోర్టు), సోర్స్ మీ లాప్‌టాప్ అడ్రస్, టీసీపీ 8291 (విన్‌బాక్స్ వాడే పోర్టు నంబర్). లాన్ నుంచి రానివన్నీ ఆపే డిఫాల్ట్ రూల్‌కు దీన్ని పైన పెట్టాలి, కింద పెడితే ఉన్నా లేనట్టే. ఇటు నుంచి విన్‌బాక్స్ తెరుచుకుంటోందని చూసుకున్నాకే ఐపీ సర్వీసెస్‌లో విన్‌బాక్స్ తప్ప మిగతావన్నీ ఆపి, విన్‌బాక్స్‌కు మీ ఇంటి సబ్‌నెట్ (ఇంటి అడ్రస్‌ల వరుస) మాత్రమే ఇవ్వండి. టూల్స్‌లో మ్యాక్ సర్వర్‌ను (ఐపీ అడ్రస్ లేకుండానే రౌటర్‌లోకి రానిచ్చేది) 'నన్' (none) చేయండి. వరుస తప్పితే మీరే బయట ఉండిపోతారు, మళ్లీ రీసెట్.

ఆ రీసెట్ బటనే దీని అతి పెద్ద బలహీనత. ఎవరైనా దాన్ని నొక్కి పట్టుకుని పవర్ తీసి పెడితే డిఫాల్ట్ సెట్టింగ్స్ వస్తాయి. నెట్ మామూలుగా పనిచేస్తుంది, మీ రిజెక్ట్ రూల్ మాత్రం ఉండదు. వాన్ కేబుల్ ఊడదీసి లాప్‌టాప్‌కు పెట్టుకున్నా నేరుగా మీ నెట్‌వర్క్‌లోకే. కాబట్టి వెయిటింగ్ రూమ్ టీపాయ్ మీద కాదు, ఫాల్స్ సీలింగ్ పైనో తాళం ఉన్న అల్మారాలోనో ఉండాలి. కాన్ఫిగరేషన్ బ్యాకప్ లాప్‌టాప్‌లో దాచుకోండి.

వేగం సంగతి. మెయిన్ లైన్ 300 అయినా గెస్టులకు ఇక్కడ 100 దాటదు. వై-ఫైలో అంతకంటే బాగా తక్కువ. అమీర్‌పేట, కేపీహెచ్‌బీ లాంటి చోట 2.4 గిగాహెర్ట్జ్ కిక్కిరిసి ఉంటుంది. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు దించి, 1, 6, 11లో ఖాళీగా ఉన్న ఛానెల్ పెట్టండి, కంట్రీ ఇండియా. గోడ దాటితే సిగ్నల్ పడిపోతుంది, రెండో గోడ మీద ఆశ వద్దు. అందరికీ సమానంగా పంచాలంటే సింపుల్ క్యూలో టార్గెట్ 192.168.88.0/24, అప్‌లోడ్ 5ఎం, డౌన్‌లోడ్ 20ఎం, క్యూ టైపులు పీసీక్యూ డిఫాల్ట్‌లు. ఇక్కడే ఎక్కువమంది తల పట్టుకుంటారు: క్యూ పెట్టినా వేగం తగ్గదు. వేగం కోసం డిఫాల్ట్‌గా ఉండే ఫాస్ట్‌ట్రాక్ రూల్ గుండా వెళ్లే ట్రాఫిక్ క్యూను తాకదు. ఆ రూల్ డిసేబుల్ చేస్తే పని చేస్తుంది.

పరీక్ష ఫోన్‌తోనే అయిపోతుంది. గెస్ట్ వై-ఫైలో చేరి మెయిన్ రౌటర్ అడ్రస్, డీవీఆర్ అడ్రస్ కొట్టండి. రెండూ రాకూడదు, యూపీఐ పేమెంట్ మాత్రం పోవాలి. గెస్టులు మీ టీవీకి కాస్ట్ చేయలేరు, ప్రింటర్ కనిపించదు. అది లోపం కాదు, అడిగిందే అది. ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్ పద్ధతి) గురించి రౌటర్‌ఓఎస్ 6వ వెర్షన్‌లో బెంగ అక్కర్లేదు, ఆ ప్యాకేజీ డిఫాల్ట్‌గా ఆఫ్. 7లో ఆన్‌లో ఉన్నా మీరు డీహెచ్‌సీపీవీ6 పెట్టనంతవరకు గెస్టులకు బయటి అడ్రస్ అందదు.

పది పదిహేను మంది వచ్చిపోయే క్లినిక్‌కు, చిన్న కాఫీ షాపుకు, అద్దెకిచ్చే సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు కళ్లు మూసుకుని కొనొచ్చు. విన్‌బాక్స్ తెరల్లో గంటసేపు ఓపిక పట్టగలిగితేనే సుమా. యాప్‌లో నాలుగు నొక్కుళ్లతో అయిపోవాలంటే ఇది మీకు కాదు. గచ్చిబౌలిలో మూడంతస్తుల పీజీ హాస్టల్‌కు అసలే వద్దు. దానికి రెండు బ్యాండ్లు, గిగాబిట్ పోర్టులున్న హ్యాప్ ఏఎక్స్2 చూడండి. మధ్యస్థంగా హ్యాప్ ఏఎక్స్ లైట్ ఉంది: 2.4 మాత్రమే అయినా వై-ఫై 6, గిగాబిట్ పోర్టులు, 256 ఎంబీ ర్యామ్, యూఎస్‌బీ-సీ పవర్. ఫైర్‌వాల్ రూల్స్ పైన చెప్పినవే. డిఫాల్ట్ ఫార్వర్డ్ బదులు వైఫై మెనూలో డేటాపాత్ కింద క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేయాలి.