శనగ చేనుకు బూమ్ స్ప్రేయర్: 20 అడుగులా, 40 అడుగులా?

నల్లరేగడిలో పదిహేను ఎకరాల శనగ వేసే రైతును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. బూమ్ అంటే ట్రాక్టర్ వెనక అడ్డంగా ఉండే పొడవాటి కడ్డీ, దానికి వరసగా మందు చిమ్మే నాజిళ్లు ఉంటాయి.

ట్రాక్టర్ గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పోతే 20 అడుగుల బూమ్ గంటలో సుమారు 6 ఎకరాలకు మందు కొడుతుంది, 40 అడుగులది 12 ఎకరాలకు. చూడ్డానికి లెక్క బాగుంది. కానీ ఎకరాకు 100 లీటర్లు పోస్తే 400 లీటర్ల ట్యాంకు 4 ఎకరాలకే సరి. పెద్ద బూమ్‌తో అది 20 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గట్టు మీద నీళ్ల ట్యాంకర్ సిద్ధంగా లేకపోతే వెడల్పు వల్ల వచ్చే లాభం సగం పోయినట్టే. పంపు కూడా రెట్టింపు నాజిళ్లకు సరిపోవాలి, పైగా ట్యాంకులో మందును కలియబెట్టడానికి పంపు తోడే నీటిలో ఇంకొంత మిగలాలి.

అసలు చిక్కు బూమ్ కొసల్లో ఉంది. వెనక చక్రం ఒకటి నాలుగంగుళాలు గాడిలో దిగితే 40 అడుగుల బూమ్ కొస అడుగుకు పైగా వంగుతుంది. అటు నాజిల్ దాదాపు మొక్కలను తాకుతుంది, చారలు పడతాయి. ఇటు కొస పైకి లేచి మందు గాలికి పోతుంది. చిన్న బూమ్‌కు ఈ ఊపు సగమే.

పొలమంతా ఒకే చెక్కగా, చదునుగా ఉంటే పెద్దదే తీసుకోండి. శనగపచ్చ పురుగు పడ్డప్పుడు గాలి లేని ఉదయం పూట రెండు గంటలే దొరుకుతాయి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. మూడు నాలుగు ముక్కలుగా గట్లుంటే మాత్రం నా ఓటు 20 అడుగులకే.