పాత సామాన్లతో రోబో బొమ్మలు: జిగురా, వెల్డింగా, నట్టు బోల్టా... ఏది మేలు?

మా ఇల్లు ఎంవీపీ కాలనీలో, సముద్రానికి దగ్గర్లోనే, బాల్కనీలో ఏ ఇనప ముక్క పెట్టినా వానాకాలం దాటేసరికి తుప్పు రాలుతూ ఉంటుంది. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే పాత గిన్నెలు, డబ్బాలతో రోబో బొమ్మలు చేద్దామనుకునేవాళ్ళు అందరూ అడిగేది ఒకటే, దేంతో అతికించాలి అని. వైజాగ్‌లో అయితే సగం జవాబు ఈ ఉప్పుగాలే చెప్పేస్తుంది.

ముందు గ్లూ గన్, అంటే జిగురు కడ్డీని వేడికి కరిగించి వదిలేది. ఐదు నిమిషాల్లో బొమ్మ లేచి నిలబడుతుంది కాబట్టి పిల్లలకి భలే ఇష్టం, అట్టపెట్టెలకి, ప్లాస్టిక్ మూతలకి చాలు కూడా. నున్నటి స్టీలు మీద మాత్రం పట్టు తక్కువ, పైగా వేడికి మెత్తబడిపోతుంది. క్యారేజీ గిన్నె బుర్రగా, చిల్లుల గరిటెలు చేతులుగా నేను మొదట చేసిన బొమ్మని మే నెలలో డాబా మీద పెడితే సాయంత్రానికి రెండు చేతులూ ఊడి కింద పడున్నాయి, మా పాప ఏడ్చేసింది.

ఎంసీల్, ఆరల్డైట్ లాంటి రెండు భాగాలు కలిపి వాడే జిగుర్లు దీనికన్నా చాలా గట్టివి. కానీ ముందు ఉప్పుకాగితంతో రుద్ది, జిడ్డంతా తుడిచి, అతికించాక రాత్రంతా కదపకుండా వదిలెయ్యాలి. కదలని వాటికి అతుకు బాగానే పనిచేస్తుంది. చండీగఢ్‌లో 1976లో జనానికి తెరిచిన రాక్ గార్డెన్ చూడండి, దాన్ని తయారుచేసిన నేక్‌చంద్ పగిలిన పింగాణీ ముక్కలు, విరిగిన గాజులు సిమెంటులో పొదిగి ఎన్ని బొమ్మలు నిలబెట్టాడో! రోబో చెయ్యి ఊపాలంటే మాత్రం ఈ దారి కుదరదు.

వెల్డింగ్ అయితే గేర్లు, బేరింగులు, బైకు చైన్లు లాంటి మందపాటి ఇనుముకే. పల్చటి రేకు డబ్బా ఇస్తే చిల్లు పడిపోతుంది, సత్తు (అల్యూమినియం) గిన్నెలు మామూలు వెల్డింగ్‌కి అతకవు, జింకు పూత ఉన్న రేకు కాల్చితే వచ్చే పొగకి జ్వరం వస్తుంది. గాజువాక ఆటోనగర్ వైపు మెకానిక్ షెడ్ల దగ్గర పాత పార్టులు దొరికితే, స్కూలు గ్రౌండులో ఆరడుగుల రోబో నిలబెట్టాలంటే, తప్పకుండా వెల్డింగే చేయించండి, తుప్పు పట్టకుండా ముందు పూసే రెడాక్సైడు కొట్టి ఆ పైన రంగు వెయ్యడం మాత్రం మానొద్దు.

ఇంట్లో చేసుకునేవాటికి నా ఓటు నట్టు బోల్టుకే. పాత సామాన్ల కొట్టుకి వెళ్ళేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి, దానికి అంటనిది సత్తో, ఇత్తడో, మంచి స్టీలో అయ్యుంటుంది, వాటికి తుప్పు భయం తక్కువ. చిల్లు పెట్టాల్సిన చోట ముందు మేకుతో చిన్న గుంట కొట్టాలి, లేకపోతే డ్రిల్ బిట్ జారి చేతికి తగులుతుంది. 4 మిల్లీమీటర్ల స్టీలు బోల్టులు చాలా వాటికి సరిపోతాయి. సత్తుకి స్టీలు బోల్టు నేరుగా తగిలితే ఉప్పు తేమకి చిల్లు చుట్టూ సత్తు తెల్లగా పొడిపొడిగా అయిపోతుంది, అందుకే నేను పాత సైకిలు ట్యూబు గుండ్రంగా కత్తిరించి మధ్యలో వాషరుగా వేస్తాను. ఆ రబ్బరు వల్ల ఇంకో లాభం, చెయ్యి ఎటు తిప్పితే అటే ఆగుతుంది. భుజం దగ్గర నైలాన్ ఉన్న లాక్‌నట్టు వేస్తే తిప్పినకొద్దీ వదులైపోదు కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, తప్పు పోతే విప్పుకోవచ్చు. కళ్ళు నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే చాలు, కోపంగా ఉన్న మొహం ఆశ్చర్యపోయినట్టు మారిపోతుంది, అది దొరికేదాకా నేను పదిసార్లయినా విప్పి బిగిస్తాను. జిగురుతో ఆ అవకాశం ఎక్కడిది? ఆ ఊడిపోయిన గరిటె చేతులే ఇప్పుడు బోల్టులతో ఉన్నాయి, మా పాప స్కూలుకెళ్తూ ఒక చెయ్యి పైకెత్తి వెళ్తుంది, వచ్చాక దింపుతుంది.

డ్రిల్ లేదా? పల్చటి సత్తు మూతకైతే కింద చెక్క ముక్క పెట్టి, మేకు, సుత్తితో చిల్లు కొట్టుకోవచ్చు, అంచులు మాత్రం ఆకురాయితో నున్నగా చేసి పిల్లల చేతికివ్వండి.